సరిహద్దు దాటే బండి: తెలుసుకోవలసిన నియమాలు, మార్చుకోవలసిన అలవాట్లు



చెన్నై నుంచి తిరువళ్ళూరు, తిరుత్తణి మీదుగా నగరి, పుత్తూరు, రేణిగుంట వైపు సాగే జాతీయ రహదారిని మన ప్రాంతంలో అందరూ తిరుపతి రోడ్డు అనే అంటారు. కాగితాల మీద అది ఒకప్పుడు 205వ నంబరు. 2010లో దేశమంతటా రహదారుల అంకెలు మార్చాక అదే దారి 716వ నంబరు అయింది. తిరుత్తణి దాటి పొన్పాడి చేరితే తమిళనాడు ముగిసినట్టే. రైలు మార్గంలో పొన్పాడి తరువాత వచ్చే స్టేషను వెంకటనరసింహరాజువారిపేట. ఆ పొడవాటి పేరు గల స్టేషను ఆంధ్రప్రదేశ్‌లో ఉంది.

ఈ ఎల్ల మనకు మరీ పాతది కాదు. 1960 ఏప్రిల్ 1వ తేదీ దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోని తాలూకా. పటాస్కర్ సిఫారసుల ప్రకారం 1959లో చేసిన చట్టంతో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. అందుకు బదులుగా చెంగల్పట్టు, సేలం జిల్లాల్లోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. అయితే చుట్టరికాలు పంచుకోలేదు, మగ్గాల పని పంచుకోలేదు, సంతలు పంచుకోలేదు. పొదటూరుపేట, పళ్ళిపట్టు నుంచి నగరి, ఏకాంబరకుప్పం వైపు, అటు నుంచి ఇటు రోజూ వందల బండ్లు తిరుగుతూనే ఉంటాయి. మేనమామ ఇంటికి పోయేవాడికి తాను రాష్ట్రం దాటుతున్నానన్న సంగతే గుర్తుండదు. గుర్తు లేకపోవడం మనసుకు హాయిగానే ఉంటుంది కానీ, రోడ్డు మీద కొన్నిసార్లు చాలా నష్టం తెస్తుంది. ఎల్ల దాటగానే మారేవి ఏవి, మారనివి ఏవి, రెండు వైపులా మనమే మార్చుకోవలసినవి ఏవి అన్నది ఈనాటి ప్రసంగ విషయం.

ముందుగా ప్రపంచంలో సరిహద్దులు ఎలా ఉంటాయో ఒక్క క్షణం చూద్దాం. థాయిలాండులో మనలాగే బండ్లు రోడ్డుకు ఎడమ పక్కన నడుస్తాయి. పక్కనే ఉన్న బర్మాలో, అంటే నేటి మయన్మార్‌లో, 1970లో ప్రభుత్వం ఎడమను మార్చి కుడి పక్కన నడపమంది. మన తెలుగువాళ్ళు ఎంతోమంది బతుకు తెరువు కోసం రంగూనుకు వెళ్ళిన రోజుల్లో అక్కడా ఎడమ పక్క నడకే. ఇప్పుడు థాయిలాండులోని మేసోట్ నుంచి వంతెన దాటి మయన్మార్‌లోని మ్యావడ్డీకి వెళ్ళే డ్రైవరు ఎడమ నుంచి కుడికి మారవలసిందే. ఇంకా కిందికి వస్తే మలేషియా, సింగపూర్. రెండు చోట్లా ఎడమ పక్క నడకే, రెండు చోట్లా మన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. అయినా సింగపూర్ కారు మలేషియాలో అడుగుపెట్టాలంటే ప్రత్యేక ప్రవేశ అనుమతి కావాలి. మలేషియాలో పెట్రోలు చౌక కాబట్టి, సింగపూర్ కారు సొంత దేశం విడిచే ముందు ట్యాంకులో ముప్పాతిక వంతు నింపుకుని ఉండాలని అక్కడ నియమం ఉంది. లేకపోతే జరిమానా వేసి వెనక్కి పంపుతారు.

మనకు ఆ బాధలేవీ లేవు. మన బండి ఏ అనుమతీ లేకుండా ఎల్ల దాటుతుంది, పక్క మార్చనక్కరలేదు. పెట్రోలు విషయంలో మాత్రం వాళ్ళకూ మనకూ పోలిక ఉంది. పెట్రోలు మీద విలువ ఆధారిత పన్ను వేసే అధికారం రాష్ట్రాలది. అందుకే కొన్నేళ్ళుగా ఆంధ్రప్రదేశ్ కంటే తమిళనాడులో ధర తక్కువ. అటువైపు బండ్లు ఇటు వచ్చి ట్యాంకు నింపుకుని పోవడం మనం చూస్తున్నదే. దాన్ని అడ్డుకునే ముప్పాతిక ట్యాంకు నియమం మన దగ్గర లేదు. ఒకే దేశం కాబట్టి ఆ స్వేచ్ఛ ఉంది.

ఇప్పుడు మన చట్టం సంగతి. మన రాజ్యాంగంలో మోటారు వాహనాల విషయం ఉమ్మడి జాబితాలో ఉంది. వాహనాల మీద పన్ను మాత్రం రాష్ట్రాల జాబితాలో ఉంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది. బండి ఎలా నడపాలి, ఎవరు నడపాలి అన్నది పార్లమెంటు చేసిన చట్టం చెబుతుంది. అది 1988 నాటి మోటారు వాహనాల చట్టం. 1989 జూలై 1 నుంచి అమలులో ఉంది. 2019లో పెద్ద ఎత్తున సవరించారు. పన్ను ఎంత, పర్మిట్టు ఎవరికి, పోలీసు తనిఖీ ఎప్పుడు ఎక్కడ అన్నవి రాష్ట్రాల చేతిలో ఉన్నాయి.

కాబట్టి ఎల్ల దాటినా మారనివి ఇవి. తిరువళ్ళూరులో తీసుకున్న డ్రైవింగు లైసెన్సు నగరిలోనూ చెల్లుతుంది, కాశ్మీరులోనూ చెల్లుతుంది. మూడో వ్యక్తికి కలిగే నష్టానికి ఇన్సూరెన్సు రెండు వైపులా తప్పనిసరి. హెల్మెట్ రెండు వైపులా తప్పనిసరి. బండి నడిపేవాడికే కాదు, వెనక కూర్చున్న మనిషికీ, నాలుగేళ్ళు దాటిన పిల్లలకూ కూడా. తమిళనాడులో 2015 జూలైలో మద్రాసు హైకోర్టు ఆదేశంతో వెనక కూర్చున్నవారి హెల్మెట్ మీద పట్టు బిగిసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో హైకోర్టు పోలీసులను ఇదే విషయమై గట్టిగా నిలదీసింది. "అటువైపు ఎవరూ అడగరు" అని పొన్పాడి దగ్గర హెల్మెట్ తీసి పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకునేవారు ఒక్క మాట ఆలోచించాలి. తల పగలడానికి తమిళనాడు రోడ్డు, ఆంధ్ర రోడ్డు అన్న తేడా లేదు.

2019 సవరణతో జరిమానాలు బాగా పెరిగాయి. చట్టం ప్రకారం హెల్మెట్ లేకపోతే 1000 రూపాయలు, మూడు నెలలు లైసెన్సు నిలుపుదల. లైసెన్సు లేకుండా నడిపితే 5000. ఇన్సూరెన్సు లేకపోతే మొదటిసారి 2000. తాగి నడిపితే మొదటిసారి 10000, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే 10000. అక్కడికక్కడే కట్టించుకునే మొత్తాలను రాష్ట్రాలు ఉత్తర్వుల ద్వారా నిర్ణయిస్తాయి. ఆంధ్రప్రదేశ్ 2020 అక్టోబరులో, తమిళనాడు 2022 అక్టోబరులో ఆ ఉత్తర్వులు ఇచ్చాయి. అందుకే ఒకే తప్పుకు రెండు చోట్లా ఒకే మొత్తం ఉండకపోవచ్చు.

పక్క రాష్ట్రంలో వేసిన జరిమానా మన వెంట రాదన్న నమ్మకం కూడా వదులుకోవాలి. ఇప్పుడు జరిమానాలు కంప్యూటరులో బండి నంబరు మీదే నమోదవుతున్నాయి. బండి అమ్మేటప్పుడో, కాగితాలు మార్చేటప్పుడో అవి బయటపడతాయి. కాగితాలన్నీ జేబులో మోయనక్కరలేదు. ప్రభుత్వపు డిజిలాకర్‌లోనో, ఎం-పరివాహన్‌లోనో సెల్‌ఫోనులో చూపించే కాగితాలు 2018 నుంచి దేశమంతటా చెల్లుతున్నాయి. ఫోటో తీసి దాచుకున్నది మాత్రం చెల్లదు.

ఉపాధ్యాయుడిగా తల్లిదండ్రులకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. పదో తరగతి పిల్లవాడికి స్కూటరు తాళం ఇచ్చి, "పక్క ఊరే కదా, పోయిరా" అంటున్నాం. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలు బండి నడిపి నేరం జరిగితే, తల్లిదండ్రికి లేక బండి యజమానికి మూడేళ్ళ దాకా జైలు, 25000 రూపాయల జరిమానా పడతాయి. ఆ బండి రిజిస్ట్రేషను ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి ఇరవై ఐదేళ్ళు వచ్చేదాకా లైసెన్సు దొరకదు. పదహారేళ్ళు నిండినవారికి గేర్లు లేని యాభై సీసీ లోపు బండికి మాత్రమే లైసెన్సు ఇస్తారు. ఇప్పుడు దుకాణాల్లో అమ్ముతున్న స్కూటర్లలో దాదాపు అన్నీ అంతకంటే పెద్దవే.

ఇక ఎల్ల దాటితే మారేవి చూద్దాం. మొదటిది రిజిస్ట్రేషను. తిరువళ్ళూరు బండి నంబరు టీఎన్ 20తో మొదలవుతుంది. నంబరు చూస్తే జిల్లా తెలిసిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2019 దాకా ఏపీ 03 అంటే చిత్తూరు అని తెలిసేది. ఆ ఏడాది నుంచి రాష్ట్రమంతటికీ ఒకే వరుస పెట్టి ఏపీ 39తో మొదలుపెట్టారు. కాబట్టి కొత్త ఆంధ్ర బండిని చూసి అది ఏ జిల్లాదో చెప్పలేం.

రోజూ పొద్దున పోయి సాయంత్రం ఇంటికి చేరే బండికి నంబరు మార్చే పనిలేదు. ఉద్యోగం వల్లనో, పెళ్ళి వల్లనో కాపురం పక్క రాష్ట్రానికి మారి, బండి పన్నెండు నెలలకు మించి అక్కడే ఉంటే మాత్రం కొత్త నంబరు తీసుకోవాలని చట్టం అంటుంది. ముందు పాత ఆఫీసులో 28వ ఫారం పెట్టి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. తరువాత కొత్త ఆఫీసులో 27వ ఫారంతో కొత్త నంబరు అడగాలి. కొత్త రాష్ట్రంలో జీవితకాల పన్ను మళ్ళీ కట్టి, పాత రాష్ట్రంలో మిగిలిన కాలానికి పన్ను వాపసు అడగవచ్చు. పన్ను ఎప్పటి నుంచి, ఎంత అన్నది ఆ రాష్ట్రపు చట్టాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి కాపురం మారిన వెంటనే రవాణా ఆఫీసులో విచారించుకోవడం మంచిది. తిరుత్తణి నుంచి కట్నంగానో, కానుకగానో నగరికి వెళ్ళిన మోటారు సైకిళ్ళు ఏళ్ళ తరబడి పాత నంబరుతోనే తిరుగుతూ, అమ్మే రోజు వచ్చాక తిప్పలు పెడుతుంటాయి.

రెండోది పర్మిట్టు. ఇది ఆటో, వ్యాను నడిపేవారికీ, వాటిలో ఎక్కేవారికీ కూడా ముఖ్యమైన సంగతి. ఆటోకు ఇచ్చే పర్మిట్టు ఒక నిర్ణీత ప్రాంతానికే పరిమితం. తిరుత్తణి ఆటో కిరాయికి ఎల్ల దాటాలంటే అటువైపు రాష్ట్రపు అనుమతి కూడా కావాలి. పెళ్ళికి వ్యాను మాట్లాడుకుంటే, ఆ ప్రయాణానికి ప్రత్యేక పర్మిట్టు తీసుకోవచ్చు. అఖిల భారత టూరిస్టు పర్మిట్టు ఉన్న బండి అయితే ఇంకా మేలు. తెల్ల ప్లేటు బండి సొంత వాడకానికి, పసుపు ప్లేటు బండి కిరాయికి అన్నది మీకు తెలిసిందే. నాలుగు వందలు తక్కువని తెల్ల ప్లేటు బండిని కిరాయికి మాట్లాడుకుంటే, ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్సు కంపెనీ చేతులెత్తేయడానికి అది సాకవుతుంది. పర్మిట్టు లేకుండా కిరాయి బండి తిప్పడం ఇన్సూరెన్సు షరతులను మీరడమేనని, కంపెనీ బాధితులకు పరిహారం చెల్లించినా ఆ డబ్బు బండి యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చునని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఒక్క ప్రయాణంతో ఆటో యజమాని ఇల్లూ వాకిలీ పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

మూడోది భాష. రోడ్డు పక్కన బోర్డులు ఇటు తమిళంలో, అటు తెలుగులో ఉంటాయి. తెలుగు మాత్రమే తెలిసిన డ్రైవరు తిరుత్తణిలో దారి అడిగితే "వలదు పక్కం" అంటారు. తెలుగులో వలదు అంటే వద్దు అని అర్థం. తమిళంలో కుడి అని అర్థం. వద్దన్నారేమో అనుకుని ఎడమకు తిరిగితే దారి తప్పినట్టే. ఎడమను వారు "ఇడదు" అంటారు. బోర్డు మీద "పళ్ళి" అని చదివిస్తే మనవాళ్ళు అదేదో పల్లె పేరు అనుకుంటారు. అది బడి. అక్కడ వేగం తగ్గించాలి. "మెదువాగ చెల్లవుం" అంటే నెమ్మదిగా వెళ్ళండి అని. "వేగత్తడై" అంటే స్పీడు బ్రేకరు. "వళైవు" అంటే మలుపు. "మరుత్తువమనై" అంటే ఆసుపత్రి. "ఎచ్చరిక్కై" మన హెచ్చరికే. "అపాయం" రెండు భాషల్లోనూ అపాయమే.

అక్షరాలు రాకపోయినా ఆకారాలు చదవవచ్చు. గుండ్రటి బోర్డు ఆజ్ఞ. మీరితే నేరం. మూడు మూలల బోర్డు హెచ్చరిక. ముందు ఏదో ఉంది, జాగ్రత్త అని. పొడవాటి నాలుగు మూలల బోర్డు సమాచారం. మైలురాళ్ళ తలలు కూడా మాట్లాడతాయి. పసుపు తల జాతీయ రహదారి, ఆకుపచ్చ తల రాష్ట్ర రహదారి, నారింజ రంగు తల గ్రామీణ రోడ్డు. నారింజ రంగు కనబడిందంటే ఇరుకు రోడ్డు, ఎదురుగా ఎడ్లబండి, మేకల మంద రావచ్చని అర్థం చేసుకోవాలి.

ఇంతవరకు చెప్పినవి చట్టాలు. ఇప్పుడు అలవాట్లు. ఇక్కడ మాత్రం రెండు రాష్ట్రాల మధ్య ఎల్ల ఏమీ లేదు. తప్పుడు అలవాట్లు అటూ ఇటూ సమానంగానే ఉన్నాయి.

కూడలిలో నేరుగా పోవాలంటే నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగించడం ఒక అలవాటు. ఆ లైట్లు బండి చెడిపోయి ఆగినప్పుడు వాడడానికి. పక్క నుంచి చూసేవాడికి ఒక వైపు లైటే కనబడుతుంది కాబట్టి, మీరు అటు తిరుగుతున్నారనుకుని ముందుకు వస్తాడు. నేరుగా పోయేటప్పుడు ఏ ఇండికేటరూ వేయకపోవడమే సరైన సంజ్ఞ. అలాగే ముందు పోతున్న లారీ కుడి ఇండికేటరు వేస్తే, "దాటి పో" అంటున్నాడని కొందరు, నిజంగానే కుడికి తిరుగుతున్నాడని కొందరు అనుకుంటారు. చట్టం ప్రకారం కుడికి తిరుగుతున్నాడనే అర్థం. అనుమానం ఉంటే దాటవద్దు.

ఎదుటివాడి కళ్ళలోకి పెద్ద లైటు కొట్టడం ఇంకొక అలవాటు. మన దగ్గర దాని అర్థం "నేను వస్తున్నాను, నువ్వు ఆగు" అని. ఇంగ్లండులో చాలామంది అదే లైటు కొట్టి "నువ్వు ముందు పో" అని దారి ఇస్తారు. సంజ్ఞ ఒకటే, సంస్కారం వేరు. రాత్రి ఎదురుగా బండి వస్తే లైటు డిమ్ చేయడం చట్టం. అతను చేయలేదని మనమూ చేయకపోతే, ఇద్దరు గుడ్డివాళ్ళు ఎదురెదురుగా నడుస్తున్నట్టే. సిగ్నలు లేని కూడలిలో పెద్ద రోడ్డు మీది బండికి దారి ఇవ్వాలి. రెండూ సమానమైన రోడ్లయితే కుడి వైపు నుంచి వచ్చేవారికి దారి ఇవ్వాలి. మనం మాత్రం ఎవరి హారను గట్టిదైతే వారికి ఇస్తున్నాం.

మన రోడ్డుకే ప్రత్యేకమైన కాలాలు కొన్ని ఉన్నాయి. ఆడికృత్తికకు చిత్తూరు, తిరుపతి వైపుల నుంచి వేలమంది కావళ్ళు మోసుకుంటూ తిరుత్తణి కొండకు వస్తారు. పెరటాసి నెలలో చెన్నై, తిరువళ్ళూరు వైపుల నుంచి గోవింద నామం చెబుతూ కాలినడకన తిరుమలకు పోతారు. ఎండ తప్పించుకోవడానికి చాలామంది రాత్రిళ్ళు నడుస్తారు. వీపు వెనక నుంచి వచ్చే లారీ వారికి కనబడదు. నల్లటి రోడ్డు మీద వారు లారీవాడికి కనబడరు. కాలిబాట లేని చోట రోడ్డుకు కుడి అంచున, ఎదురుగా వచ్చే బండ్లను చూస్తూ నడవడం క్షేమం. సంచికి, కావడికి ఒక మెరిసే పట్టీ అంటిస్తే, బండి లైటు పడగానే దూరం నుంచే కనబడుతుంది. యాత్రికుల గుంపులో ముందు ఒకరు, వెనక ఒకరు టార్చిలైటు పట్టుకోవాలి. ఆ నెలల్లో డ్రైవర్లు ఊళ్ళ మధ్య కూడా వేగం తగ్గించాలి.

తిరువాలంగాడు చక్కెర మిల్లుకు చెరకు తోలే రోజుల్లో ట్రాక్టర్లు, అటువైపు మామిడికాయల కాలంలో లోడు బండ్లు రాత్రిళ్ళు వెనక లైటు లేకుండా నడుస్తాయి. చెరకు గడలు బండి వెడల్పు దాటి బయటికి పొడుచుకుని ఉంటాయి. ట్రైలరు వెనక ఎర్రటి మెరిసే పట్టీలు అంటించడానికి అయ్యే ఖర్చు ఒక పూట భోజనం ఖర్చు. అది అంటించకపోతే వెనక వచ్చే మోటారు సైకిలువాడి ప్రాణం పోవచ్చు. ఆయుధపూజకు బండికి దిష్టి తీసి గుమ్మడికాయను నడిరోడ్డు మీద పగలగొట్టడం రెండు వైపులా ఉన్న ఆచారమే. ఆ గుజ్జు మీద జారిపడేది మరొకరి బండి. మన దిష్టి పోవడానికి ఇంకొకరి కాలు విరగనక్కరలేదు. ఒక పక్కన పగలగొట్టి, ముక్కలు ఏరివేస్తే ఆచారానికి లోటు రాదు.

చివరగా, ప్రమాదం జరిగితే ఏం చేయాలి? సరిహద్దు ప్రజలు ఎక్కువగా భయపడేది ఇక్కడే. "అది వాళ్ళ రాష్ట్రం, మన కేసు ఎవరు తీసుకుంటారు" అన్న భయం. రెండు రాష్ట్రాల్లోనూ అంబులెన్సు నంబరు 108 ఒకటే. ఎల్ల దగ్గర సెల్‌ఫోను పక్క రాష్ట్రపు టవరును పట్టుకోవడం మామూలే. కాబట్టి ఫోను చేయగానే ముందు రాష్ట్రం పేరు, తరువాత ఊరి పేరు, మైలురాయి మీది అంకె చెప్పండి. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చినవారిని పోలీసులు వేధించకూడదని, పేరు చెప్పమని బలవంతం చేయకూడదని 2019 సవరణలోనే రాశారు. తమిళనాడు ఎల్లలో ప్రమాదం జరిగితే, బాధితుడు ఏ రాష్ట్రంవాడైనా మొదటి 48 గంటలు ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో ఉచిత చికిత్స ఇచ్చే పథకం 2021 డిసెంబరులో మొదలైంది. 2025లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు లేని చికిత్స పథకాన్ని ప్రకటించింది. ఆసుపత్రిలో ఈ రెండింటి సంగతి నోరు తెరిచి అడగాలి.

ప్రమాదం ఏ స్టేషను పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త నేర విచారణ చట్టం చెబుతోంది. "ఇది మా పరిధి కాదు, నగరికి పొండి" అని పంపే వీలు లేదు. నష్టపరిహారం విషయంలో ఇంకా ముఖ్యమైన సంగతి ఒకటుంది. నగరి దగ్గర ప్రమాదంలో మనిషిని పోగొట్టుకున్న తిరుత్తణి కుటుంబం ఆంధ్రప్రదేశ్ కోర్టు చుట్టూనే తిరగనక్కరలేదు. తాము నివసించే ప్రాంతంలోని మోటారు ప్రమాద పరిహార ట్రైబ్యునల్‌లోనే దరఖాస్తు పెట్టవచ్చు. అటువైపువారికీ ఇదే హక్కు ఉంది. ఆరు నెలల లోపు దరఖాస్తు పెట్టాలని 2022 ఏప్రిల్ 1 నుంచి నియమం వచ్చింది. కర్మకాండలు ముగిశాక చూద్దామని ఆలస్యం చేయవద్దు. గుద్దిన బండి ఆగకుండా పారిపోతే, మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి యాభై వేలు ఇచ్చే కేంద్ర పథకం కూడా ఉంది.

శ్రోతలారా, 1960లో గీసిన గీత మన పన్నులను, మన బోర్డుల భాషను వేరు చేసింది. చట్టాన్ని వేరు చేయలేదు. ఎల్ల దాటేముందు బండి కాగితాలు ఒకసారి చూసుకోండి. హెల్మెట్ ఎల్ల దాటాక కూడా తల మీదే ఉండనివ్వండి. కిరాయి బండి ఎక్కేముందు ప్లేటు రంగు, పర్మిట్టు అడగండి. అడగడం అవమానం కాదు.

సెలవు. నమస్కారం.